జాగా ఎప్పుడు అడ్డా అవుతుంది?

పాలమూరు నుంచి జడ్చర్ల మీదుగా హైదరాబాద్ వెళ్లే దారిలోనైనా, నల్లగొండ నుంచి మిర్యాలగూడ వెళ్లే దారిలోనైనా రోడ్డుకు రెండు పక్కలా ప్లాట్ల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ప్లాటును ఊళ్లో జాగా అంటారు. "రెండు వందల గజాల జాగా కొన్నడు" అన్నారంటే విన్నవాళ్ల మనసులో గజం ధర ఎంత, ఏ దిక్కు ముఖం, రిజిస్ట్రేషన్ అయిందా లేదా అన్నవే మెదులుతాయి. ఆ కొన్న మనిషి సాయంత్రం పూట ఎక్కడ దొరుకుతాడని అడిగితే మాత్రం జవాబు ఇంకో మాటతో వస్తుంది: "ఎక్కడుంటడు, అడ్డా మీదనే ఉంటడు." అడ్డాకు గజాల లెక్క లేదు, పట్టా లేదు, హద్దురాళ్లు లేవు. వేపచెట్టు కింద చాయ్ డబ్బా ముందు రెండు బెంచీలు కావచ్చు, మూతపడిన గిర్ని అరుగు కావచ్చు, చెరువు తూము దగ్గరి బండ కావచ్చు. అయినా ఎవరిని అడిగినా వేలు చూపించి దారి చెబుతారు.

నగర ప్రణాళిక చదివినవాళ్లు ప్లేస్ మేకింగ్ అని ఒక మాట వాడతారు. దాన్ని "స్థల నిర్మాణం" అని తెలుగు చేస్తే సిమెంటు, ఇసుక గుర్తొస్తాయి. జాగాను అడ్డాగా మార్చే పని అంటే దక్షిణ తెలంగాణలో వెంటనే అర్థమవుతుంది. ఈ పని ఇక్కడి జనానికి ఎవరూ నేర్పలేదు. చెరువు కట్ట, రావిచెట్టు గద్దె, పీర్ల కొట్టం ముందు గుండం, వారం వారం కూడే అంగడి, అన్నీ వాడుకతో తయారైనవే. పట్టణాలను బాగు చేయాలన్న ఉత్సాహంలో వీటినే చెరిపి, వాటి మీద అందమైన జాగా ఒకటి కట్టడం దగ్గరే చిక్కు మొదలవుతోంది.

పొద్దున ఏడు గంటలకు ఈ ప్రాంతంలో ఏ పట్టణానికి వెళ్లినా ఏదో ఒక చౌరస్తాలో కూలీల అడ్డా కనిపిస్తుంది. తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు, సున్నాలు వేసేవాళ్లు, మట్టి మోసే ఆడవాళ్లు సద్ది డబ్బాలు పక్కన పెట్టుకుని నిలబడి ఉంటారు. బైకు మీద ఎవరైనా వచ్చి ఆగితే చాలు, చుట్టూ పదిమంది చేరతారు. కూలి ఎంత, పని ఏంది, మధ్యాహ్నం అన్నం పెడతారా అన్న బేరం రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పది గంటలకల్లా అక్కడ మిగిలేవి చాయ్ కప్పులు, పని దొరకని నలుగురు. పాలమూరు లేబర్ దశాబ్దాల పాటు బొంబాయికీ పుణెకూ, దేశంలో ఎక్కడెక్కడి ప్రాజెక్టులకో మట్టి పనికి వలస వెళ్లారు. ఇప్పుడు ఈ పట్టణాలకే బిహార్ నుంచి, ఒడిశా నుంచి పనివాళ్లు వస్తున్నారు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీలను చూస్తే తెలుస్తుంది. ఊరికి కొత్తగా వచ్చినవాడు మొదట నిలబడేది అడ్డా మీదే. ఎవరూ ఆధార్ కార్డు అడగరు.

ఇంత పని చేసే ఈ చోటు మాస్టర్ ప్లాన్ మ్యాపులో ఉండదు. ఇళ్లున్న ప్రాంతానికి పసుపు, పార్కులకు ఆకుపచ్చ, వ్యాపారానికి నీలం రంగు వేస్తారు. అడ్డా ఉన్న చోట రోడ్డు వెడల్పు ఎన్ని అడుగులో మాత్రమే రాసి ఉంటుంది. మ్యాపులో లేదు కాబట్టి అక్కడికి నల్లా రాదు, నీడ రాదు, మరుగుదొడ్డి రాదు. మూడు గంటలు నిలబడే ఆడకూలీలకు అది ఎంత ఇబ్బందో చెప్పనక్కర్లేదు. ఆ చౌరస్తాను వెడల్పు చేసి మధ్యలో ఫౌంటెన్ కట్టిన రోజు అడ్డా ఇంకో సందులోకి జరుగుతుంది, దాన్ని సుందరీకరణ అంటారు.

న్యూయార్క్‌లో బెంచీల లెక్క

పెద్ద నగరాలూ ఇదే తప్పు చేసి దిద్దుకున్నాయి. న్యూయార్క్ నగరం 1961లో ఒక నిబంధన తెచ్చింది. ఎత్తైన భవనం కట్టేవాళ్లు దాని ముందు జనం కోసం కొంత ఖాళీ స్థలం వదిలితే, వదిలిన ప్రతి చదరపు అడుగుకూ పది చదరపు అడుగుల చొప్పున అదనంగా కట్టుకోవచ్చు. బిల్డర్లకు ఇది బంగారు గని. స్థలాలు వదిలారు, పాలరాయి పరిచారు, భవనాలు లేపారు. ఆ ఖాళీ స్థలాల్లో చాలావాటికి జనం మాత్రం రాలేదు.

విలియమ్ వైట్ అనే పరిశీలకుడు 1970ల్లో తన బృందంతో కెమెరాలు పెట్టి ఈ స్థలాలను రోజుల తరబడి చిత్రీకరించాడు. ఎక్కడ జనం చేరుతున్నారు, ఎక్కడ చేరడం లేదు, ఎండ ఎటు పడుతోంది, ఎవరు ఎంతసేపు ఉంటున్నారు, అన్నీ లెక్క పెట్టాడు. చివరికి తేల్చింది చాలా మామూలు మాట: కూర్చోవడానికి వీలున్న చోట జనం కూర్చుంటారు. జనం ఉన్న చోటుకే ఇంకా జనం వస్తారు. తినడానికి ఏదైనా దొరికితే ఇంకొంచెం సేపు ఉంటారు. కుర్చీని అటూ ఇటూ జరుపుకోనిస్తే అది తమదే అన్నట్టు ఉంటారు. ఇందుకు అంత పరిశోధన కావాలా అని మన చాయ్ డబ్బా యజమాని నవ్వొచ్చు, బెంచీ వేయకుండా ఆయన డబ్బా తెరవడు కదా. కానీ ఆ మామూలు మాట 1975లో నిబంధన అయింది. ప్రతి ముప్పై చదరపు అడుగుల ఖాళీ స్థలానికి ఒక అడుగు పొడవు కూర్చునే చోటు ఉండాలని నగరం రాసుకుంది. అదే ఏడాది ఆ పనికి కొనసాగింపుగా ప్రాజెక్ట్ ఫర్ పబ్లిక్ స్పేసెస్ అనే సంస్థ అక్కడ మొదలైంది. ప్లేస్ మేకింగ్ అన్న మాట ప్రపంచమంతా తిరగడానికి ఆ సంస్థే పెద్ద కారణం.

వైట్ చెప్పినదాంట్లో ఒక్కటి మాత్రం నల్లగొండ దాకా వచ్చేసరికి తలకిందులవుతుంది. న్యూయార్క్ జనం ఎండ ఎటు జరిగితే అటు జరిగారు. ఇక్కడ నీడ ఎటు జరిగితే అటు జరుగుతారు.

కట్ట మీద ఎవరు?

దక్షిణ తెలంగాణ పట్టణాలకు ఈ మధ్య కాలంలో వచ్చిన పెద్ద బహిరంగ స్థలాలు మినీ ట్యాంక్ బండ్‌లు. స్మార్ట్ సిటీ పథకంలో తెలంగాణ నుంచి వరంగల్, కరీంనగర్ చేరాయి గానీ ఈ ప్రాంతం నుంచి ఒక్క పట్టణమూ చేరలేదు. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో నియోజకవర్గానికి ఒక చెరువును ముస్తాబు చేయాలని పెట్టుకోవడంతో ఇక్కడి అందాల ఖర్చంతా చెరువుల వైపు మళ్లింది. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు, సూర్యాపేట సద్దుల చెరువు, నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం అలా మినీ ట్యాంక్ బండ్‌లు అయ్యాయి.

వీటితో మేలు జరగలేదంటే అబద్ధం. ముళ్లకంపలతో, చెత్తతో నిండిపోయిన కట్టల మీద ఇప్పుడు పొద్దున ఐదున్నరకే నడిచేవాళ్లు కనిపిస్తున్నారు. అందులో ఆడవాళ్లు చాలామంది. షుగర్ ఉందని డాక్టరు నడవమంటే నడవడానికి చోటు లేని పట్టణాల్లో ఇది చిన్న విషయం కాదు. సాయంత్రం పిల్లలతో వచ్చి మొక్కజొన్న కంకి తిని వెళ్లే కుటుంబానికి సినిమా కన్నా ఇదే చవక.

కానీ కట్ట అంతకుముందు ఖాళీగా లేదు. చెరువు తెగకుండా కాపు కాసేది కట్టమైసమ్మ, ఆమె గుడి దగ్గర బోనాలు దించేవాళ్లు. చాకలివాళ్లకు రేవు ఉండేది. ముదిరాజులు, బెస్తలు వలలు ఆరేసుకునేవాళ్లు. గొడ్లు నీళ్లకు దిగేవి, వాటి వెంట కాసేవాళ్లు చింతచెట్టు కింద ఒరిగేవాళ్లు. వీళ్లందరికీ కట్ట మీద పని ఉంది, పని ఉంది కాబట్టి రోజంతా మనుషులు ఉండేవాళ్లు, మనుషులు ఉన్నారు కాబట్టి ఒంటరిగా వెళ్లేవాళ్లకు భయం ఉండేది కాదు. కొత్త కట్టకు రెయిలింగ్ వేశాక నీటికీ మనిషికీ మధ్య ఇనుము వచ్చింది. రేవు మెట్లు ఉంటే ఉన్నాయి, లేకపోతే లేవు. డిజైన్ గీసినవాళ్ల కాగితం మీద కట్టకు వచ్చే మనిషి ఒక్క రకమే: బూట్లు వేసుకుని నడిచి, ఊరి పేరు రాసిన పెద్ద అక్షరాల ముందు సెల్ఫీ దిగి వెళ్లేవాడు.

పగలు పదకొండు గంటలకు కట్ట మీదికి వెళ్తే తేడా తెలుస్తుంది. గ్రానైటు బెంచీ పెనంలా కాలుతుంది. ఒక్క పిట్ట ఉండదు. మే నెలలో నల్లగొండలో ఎండ 43, 44 డిగ్రీలు దాటడం మామూలే. అలాంటి ఊళ్లో నీడ లేని బెంచీ పెట్టడం, నీళ్లు లేని బావి తవ్వడం ఒకటే. చెట్లు నాటరా అంటే నాటతారు. త్వరగా పచ్చగా కనిపించాలని రోడ్ల పొడవునా కోనోకార్పస్ అనే విదేశీ మొక్క పెట్టారు, తర్వాత ప్రభుత్వమే దాన్ని నాటొద్దంది. వేప, కానుగ, చింత నీడ ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది, అంతకాలం ఆగే ఓపిక ఏ ప్రారంభోత్సవానికీ ఉండదు. నల్లగొండకు నీడ విలువ కొత్తగా చెప్పడం కూడా విడ్డూరమే. కందూరు చోడ రాజుల నాటి ఉదయసముద్రం చెరువు ఉన్న, నల్లగొండ పక్కనే ఉండే పానగల్లులోనే నీడ పేరు పెట్టుకున్న దేవుడు ఉన్నాడు, ఛాయా సోమేశ్వరుడు.

ఖర్చు పెద్దదేం కాదు. కట్టకు దిగువన ఉన్న పాత చెట్లను కొట్టకుండా వాటి చుట్టూ గద్దెలు కడితే చాలు. ఈ పట్టణాల్లో బయటి బతుకు పొద్దున ఐదు నుంచి ఎనిమిది వరకు, మళ్లీ సాయంత్రం ఆరు నుంచి పది వరకు నడుస్తుంది. మధ్యలో పది గంటలు నీడ ఉంటేనే ఏదైనా. ఆ పది గంటలూ బయట ఉండక తప్పనివాళ్లు పెన్షన్ ముసలివాళ్లు, తోపుడు బండ్లవాళ్లు, ఆఫీసు పనికి ఊళ్ల నుంచి వచ్చి "సారు లంచ్‌కు పోయిండు" అని విని కూర్చునేవాళ్లు.

రాళ్లు కదిలాయి, చోటు కదల్లేదు

కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లిలో సంగమేశ్వర ఆలయం ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు అది ముంపులోకి వస్తుందని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పురావస్తు శాఖ చేసిన గొప్ప పనుల్లో అదొకటి, శిల్పం చెక్కుచెదరలేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర ఉన్న రాజరాజేశ్వరాలయం కూడా అలా ముంపు ప్రాంతం నుంచి వచ్చిందే. గుడి వచ్చింది సరే, సంగమం రాలేదు. రెండు నదుల నీళ్లలో మునిగి తడిబట్టలతో గుడి మెట్లెక్కడం అలంపురం గడ్డ మీద నిలిపిన ఆలయానికి కుదరదు. ఆ గుడి చుట్టూ ఉన్న ఊళ్ల జనం పునరావాస కాలనీలకు చెదిరిపోయారు. ముంపు ఊళ్ల వాళ్లు కొత్త చోట ఇళ్లు కట్టుకున్నాక ఊరి నడుమ గుర్తుగా కొలిచే రాయి, బొడ్రాయి, పాతుకోవాలని పట్టుబడతారు. అధికారుల కళ్లకు అది మూఢనమ్మకంలా కనిపించొచ్చు. నలభై ఫీట్ల రోడ్లు, వరుస ఇళ్లు ఉన్న జాగాకు నడుమ ఏదో తెలియదు, ఆ నడుమ ఎక్కడో నలుగురూ కలిసి నిర్ణయించుకోవడమే బొడ్రాయి.

పిల్లలమర్రి కథ దీనికి రెండో వైపు. సూర్యాపేట దగ్గర కాకతీయుల గుళ్లున్న పిల్లలమర్రి వేరు, ఇది పాలమూరుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో, సుమారు మూడెకరాల్లో పరుచుకున్న మర్రిచెట్టు. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకుంటారు. ఊడలు దిగి, అవే మొదళ్లై, మొదటి మొదలేదో తెలియకుండా పోయిన చెట్టు. జిల్లాలో బడికి వెళ్లిన పిల్లల్లో అక్కడికి విహారయాత్రకు వెళ్లనివాళ్లు తక్కువ. ఎవరూ ప్లాన్ గీయకుండానే తయారైన చోటు అంటే దానికన్నా మంచి ఉదాహరణ దొరకదు. కానీ కొమ్మల మీద ఊగడం, బెరడు మీద పేర్లు చెక్కడం, వేళ్ల మీద వేల కాళ్లు తొక్కడం కూడా వాడుకే. చెదలు లోపలికి చేరాయి. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ కూలింది, సందర్శకులను ఆపేశారు. 2018లో ఆ చెట్టుకు మనిషికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చెదల మందు బొట్టు బొట్టుగా ఎక్కించారు, వాలిన కొమ్మలకు ఊతంగా స్తంభాలు పెట్టారు.

అంటే వాడుక చోటును తయారు చేస్తుంది, అదే వాడుక దాన్ని తినేస్తుంది కూడా. జనానికి వదిలేస్తే అంతా బాగుంటుందనే వాదన ఇక్కడ నిలవదు. ఎవరో ఒకరు కాపలా ఉండాలి. పాత ఊళ్లలో కట్టకు, తూముకు నీరటికాడు ఉండేవాడు. పార్కు కాంట్రాక్టు ఏడాదికోసారి మారే పట్టణంలో అలాంటి మనిషి లేడు, ఆ బాధ్యతా లేదు.

గద్వాల, వనపర్తి ఈ చిక్కును తెలియకుండానే కొంత దాటాయి. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తోంది, వనపర్తి రాజుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ ఉంది. గోడలకు కావాల్సిన మరమ్మతు జరుగుతోందా అంటే అది వేరే గొడవ. కానీ అక్కడికి ప్రతిరోజూ వందల మంది పిల్లలు సైకిళ్ల మీద వస్తారు, టికెట్ కొనక్కర్లేదు. టికెట్ కౌంటరు పెట్టి తాళం వేసిన కోట కన్నా గోల గోలగా ఉన్న కోటకే ఊరితో బంధం ఎక్కువ.

చట్టానికి తెలిసిన అడ్డా

అంగడి సంగతి కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ప్లేస్ మేకింగ్ గురించి జరిగే గొడవలన్నీ అక్కడ కనిపిస్తాయి. దేవరకద్రలో బుధవారం ఉల్లిగడ్డల మార్కెట్, పెబ్బేరులో శనివారం సంత అంటే చుట్టుపక్కల మండలాల రైతులు పనులు దాన్ని బట్టే పెట్టుకుంటారు. అంగడి రోజు ఊరు రెండింతలవుతుంది, మర్నాడు ఆ నేల మళ్లీ ఖాళీ. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర ఇంకా పెద్ద ఉదాహరణ. రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి కోసం గుట్ట చుట్టూ ఐదు రోజుల పట్టణం లేస్తుంది, హైదరాబాద్–విజయవాడ రహదారి మీది బండ్లను దారి మళ్లిస్తారు. ఐదు రోజులు అయ్యాక గంపలు ఎత్తుకుని అంతా వెళ్లిపోతారు. ఒక చోటు ఎప్పుడూ నిండి ఉండాలనే నియమం ఏమీ లేదని ఈ ప్రాంతానికి బాగా తెలుసు.

పట్టణాల్లో కథ వేరు. కూరగాయలు, మాంసం, చేపలు ఒకే కప్పు కింద అమ్మేలా మున్సిపాలిటీలు ఇంటిగ్రేటెడ్ మార్కెట్లు కడుతున్నాయి. సూర్యాపేటలో అలాంటిది 2023లో ప్రారంభమైంది. శుభ్రత కోణంలో వీటిని తప్పుపట్టలేం. వానలో తడిసిన ఆకుకూర కట్టలతో మోరీ పక్కన కూర్చోమని ఎవరూ కోరుకోరు. కానీ ఇలాంటి మార్కెట్లు ఎక్కడ కట్టినా ఒకే పరీక్ష ఎదురవుతుంది. కొనేవాడు బైకు దిగకుండా పావుకిలో మిర్చి తీసుకునే అలవాటున్న ఊళ్లో, కూరగాయలను మొదటి అంతస్తు ఎక్కిస్తే కూరగాయలు ఎక్కుతాయి, గిరాకీ ఎక్కదు. వారం తిరక్కుండా టేలాలు మళ్లీ రోడ్డు మీదికి వస్తాయి, ట్రాఫిక్ పోలీసు వచ్చి కాటా పట్టుకెళ్తాడు.

నిజానికి వీధి వ్యాపారుల చట్టం 2014లోనే దీనికి దారి చూపింది. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు చాలాకాలంగా చేరుతున్న చోటును అది సహజ మార్కెట్‌గా గుర్తించింది. చట్టం భాషలో అడ్డాకు ఇంత దగ్గరగా వచ్చిన మాట ఇంకోటి లేదు. పట్టణానికో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్నవాళ్లు కావాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. ఈ కమిటీ నిజంగా కూర్చుని మాట్లాడితే, ఏ సందులో ఏ గంటకు ఎవరు అమ్ముతారో పట్టణం మ్యాపు కన్నా వివరంగా దాని దగ్గర ఉంటుంది. పూలమ్మే ఆమెను అడిగితే గుడి ముందు ఏ వైపు నీడ ఎన్ని గంటల దాకా ఉంటుందో నిమిషాలతో సహా చెబుతుంది.

పదో వంతు ఎక్కడ పోయింది?

మళ్లీ జాగాల దగ్గరికి. లేఅవుట్ వేసేవాళ్లు మొత్తం భూమిలో పది శాతం ఖాళీ స్థలంగా వదలాలన్నది నిబంధన. పిల్లలు ఆడుకోవడానికి, పెద్దలు కూర్చోవడానికి ఆ పదో వంతే కాలనీకి మిగిలే చోటు. అనుమతి లేని లేఅవుట్లలో అది కూడా ప్లాట్లయిపోయింది. 2020లో వచ్చిన క్రమబద్ధీకరణ పథకంలో, ఖాళీ స్థలం వదలని లేఅవుట్లలో ప్లాటు కొన్నవాళ్లు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కింద కట్టాలన్నారు. డబ్బు ఖజానాకు చేరుతుంది. ఆ డబ్బు పట్టుకుని మళ్లీ అదే గల్లీలో పిల్లలకు ఆటస్థలం కొనడం ఎవరి తరమూ కాదు, అక్కడ అప్పటికే జీ ప్లస్ టూలు లేచి ఉంటాయి.

వదిలిన చోట కూడా వదిలినది ఏ మూల అన్నది చూడాలి. వంకర తిరిగిన కొస, హైటెన్షన్ తీగల కింద నేల, వాగు పక్క పల్లం, అమ్ముడుపోనివి ఏవో అవే పార్కు పేరు పెట్టుకుంటాయి. పల్లెల్లో బోర్డు పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో కొన్నింటిదీ ఇదే తీరు, ఊరి చివర గుట్ట పక్కన.

ఇంటి ముందు సంగతీ మారింది. పాత ఇళ్లకు అరుగులుండేవి. అరుగు ఇంటిదీ కాదు, వీధిదీ కాదు. దారిన పోయేవాడు అడగకుండా కూర్చోవచ్చు. పోచంపల్లి వంటి నేతన్నల ఊళ్లలో వీధి ఇంకో పని కూడా చేసింది. పడుగు పొడవునా చాచి సరిచేసుకోవడానికి ఇంట్లో చోటు చాలదు, వీధే మగ్గం గదికి కొనసాగింపు. ఇంటిల్లిపాదీ బయటే ఉంటారు కాబట్టి పక్కింటి పిల్లవాడు ఎటు పోతున్నాడో పదిమంది కళ్లకు తెలిసేది. ఇప్పుడు సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేయడంతో చాలా చోట్ల అరుగు రోడ్డు కన్నా కిందికి పోయింది, వాన నీళ్లు గడప దాటుతున్నాయి. రోడ్డు ముఖం ఉన్న ఇళ్లవాళ్లు అరుగు తీసేసి మడిగెలు కట్టి కిరాయికిచ్చారు. వాళ్లను తప్పుపట్టేదేం లేదు, నెలకు కిరాయి వస్తుంది, అరుగుకు ఏం వస్తుంది? దానికి బదులుగా వచ్చింది చాయ్ డబ్బా. అక్కడ కూర్చునే హక్కుకు టికెట్ పది రూపాయలు, మగవాళ్లకు మాత్రమే.

ఆ చివరి మాట దగ్గరే ఈ వ్యవహారం అసలు బిగుసుకుంటుంది. అడ్డా అన్న మాట ఇంతసేపు ఎంత ముద్దుగా వాడినా, ఈ పట్టణాల్లో కూలి అడ్డా తప్ప మిగతా అడ్డాలన్నీ మగవాళ్లవే. నల్లగొండ గడియారం సెంటర్‌లో సభలకూ ధర్నాలకూ ఆడవాళ్లు వస్తారు, ఊరికే కూర్చోవడానికి రారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం అయ్యాక బస్టాండ్లలో వాళ్ల సంఖ్య కళ్లకు కనిపించేంత పెరిగింది. మందులకో, పెళ్లి సామానుకో పట్నం వచ్చిన అమ్మలక్కలు బస్సు కోసం గంట సేపు కూర్చునే ప్లాట్‌ఫారమే ఇప్పుడు వాళ్ల అడ్డా. ఎవరూ ఎందుకు కూర్చున్నావని అడగని చోటు అదొక్కటే. ఆ గంటలో ఎంత మాట నడుస్తుందో పక్కన కూర్చున్నవాళ్లకే తెలుసు. అక్కడ ఫ్యాను తిరుగుతోందా, మరుగుదొడ్డికి తలుపు ఉందా, నీళ్లు వస్తున్నాయా అన్నది పట్టణంలో ఏ పార్కు కన్నా పెద్ద ప్లేస్ మేకింగ్ ప్రశ్న.

డబ్బు లేదన్న సాకు పూర్తిగా నిలవదు. పట్టణాల వసతుల కోసం కేంద్రం 2015లో తెచ్చిన అమృత్ పథకంలో మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ ఉండేవి, అందులో రెండున్నర శాతం దాకా పార్కులకే ఖర్చు పెట్టే వీలుండేది. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించమంది. వార్డుకు నాలుగు కమిటీలు వేయమంది: యువత, ఆడవాళ్లు, వృద్ధులు, ఊరి పెద్దలు, ఒక్కోదాంట్లో పదిహేను మంది. కాగితం మీద ఒక్క వార్డుకే అరవై మంది. వాళ్లలో ఆడవాళ్ల కమిటీని పిలిచి ఒక్క ప్రశ్న అడిగితే సరిపోతుంది: చీకటి పడ్డాక ఈ వార్డులో మీరు ఎక్కడ దాకా నడుస్తారు? ఆ జవాబులో వచ్చే స్తంభాలు, సందులు, మలుపులే డిజైన్.

అందుకు ఏటా ఒక తొమ్మిది రోజుల నమూనా కూడా ఉంది. బతుకమ్మ ఆడటానికి ఆడవాళ్లకు కావాల్సిందల్లా చదునైన నేల, మధ్యలో బతుకమ్మలు పెట్టే చోటు, దగ్గర్లో నీళ్లు, వెలుతురు. తంగేడు, గునుగు తెచ్చి పేర్చి బయటికి వచ్చాక కాలనీ చౌరస్తా అయినా, గుడి ముందైనా, కట్ట మీదైనా వలయం తిరగడం మొదలైందంటే ఆ నేల వాళ్లది. బండ్లు ఆగుతాయి, మగవాళ్లు గోడ వారగా జరుగుతారు. సద్దుల బతుకమ్మ నాటికి మున్సిపాలిటీ వాళ్లు రెండు రోజుల్లో కట్ట మీది గుంతలు పూడ్చి, ముళ్లకంపలు కొట్టి, నీళ్లు చల్లి, తూము దాకా ఫ్లడ్ లైట్లు కడతారు. నీళ్లలోకి దిగే మెట్ల దగ్గర గేటు తాళం తీసి ఉంటుంది. రాత్రి పదకొండు దాటినా ముసలమ్మ నుంచి ఐదేళ్ల పిల్ల దాకా అక్కడే ఉంటారు, సత్తుపిండి పంచుకుంటూ. తెల్లారి పదింటికి ఆటో ట్రాలీ వస్తుంది, లైట్లు విప్పి ఎక్కిస్తారు.